అర్ఖిప్పుతో చెప్పుడి

నా పాత బైబిలు అట్ట మళ్లీ ఊడిపోయింది. ఇది మూడోసారి. గమ్ రాసి, పైన బరువు పెట్టి ఆరబెడదామని తీస్తే మొదటి ఖాళీ పేజీ విడిగా చేతికొచ్చింది. దాని మీద పచ్చ సిరాతో రాసిన ఒకే ఒక్క వాక్యం. రంగు వెలిసిపోయింది కానీ అక్షరాలు గుండ్రంగా, ఒద్దికగా అలాగే ఉన్నాయి. మా అమ్మగారి చేతిరాత అది. అమ్మగారంటే నా కన్నతల్లి కాదు, మా పాస్టరు గారి భార్య. సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అమ్మగారే.

"ప్రభువునందు నీకు అప్పగింపబడిన పరిచర్యను నెరవేర్చుటకు దానిగూర్చి జాగ్రత్త పడుము." కింద కొలొస్సయులకు 4:17 అని.

అది రాసిచ్చినప్పుడు నాకు 19 ఏళ్లు. మూడు రోజుల యువజన కూటాలు. చివరి రాత్రి యెషయా 6వ అధ్యాయం మీద వాక్యం చెప్పారు. "చిత్తగించుము, నేనున్నాను, నన్ను పంపుము" అన్న మాట దగ్గర ప్రసంగీకుడు ఆగిపోయారు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, పూర్తికాల సేవకు సమర్పించుకునేవాళ్లు లేచి నిలబడండి అన్నారు. నేను లేచాను. నా పక్కన కూర్చున్న స్నేహితుడూ లేచాడు. కాళ్లు వణికాయి. ఆ వణుకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రాత్రి జరిగింది నిజం. తర్వాత ఎన్ని సందేహాలు వచ్చినా ఆ ఒక్క విషయంలో నాకు అనుమానం రాలేదు.

ఆ రోజుల్లో విలియం కేరీ గురించి దొరికినదల్లా చదివేవాణ్ని. చెప్పులు కుట్టుకుంటూ, పని చేసే చోటే ప్రపంచపటం పెట్టుకుని, దేశాల పేర్లు చూస్తూ ప్రార్థించిన మనిషి. 1793లో ఇంగ్లండునుంచి ఓడెక్కి మన దేశానికి మిషనరీగా వచ్చాడు. 1801 నాటికి బెంగాలీలో కొత్త నిబంధన అచ్చయ్యింది. నేనూ ఒక పటం కొనుక్కుని మంచం పక్కన గోడకు అంటించాను. ఎక్కడికి వెళ్లాలో తెలియదు కానీ వెళ్లడం మాత్రం ఖాయం అనుకున్నాను.

నాకు 21 ఏళ్లు వచ్చేసరికి నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా మారింది. నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లు. బైబిలు కాలేజీకి నింపిన దరఖాస్తు పంపకుండానే అలమరలో పెట్టేశాను. మరుసటి ఏడు ఒక ఆస్పత్రిలో రికార్డు గది గుమాస్తాగా చేరాను. తాత్కాలికంగా అనుకున్నాను. ఆ గదిలో 36 ఏళ్లు పనిచేశాను.

రికార్డు గది అంటే ఏమిటో చూడనివాళ్లకు చెప్పాలి. నేలనుంచి పైకప్పు దాకా ఇనుప ర్యాకులు. వాటినిండా అట్ట ఫైళ్లు. ఆస్పత్రిలో చేరిన ఒక్కో రోగికి ఒక్కో నంబరు, దాన్ని ఐపీ నంబరు అంటారు. డిశ్చార్జి అయినా, చనిపోయినా కేస్ షీట్లన్నీ వార్డునుంచి మా దగ్గరికి వస్తాయి. కాగితాలు వరసగా సర్ది, చిల్లు వేసి, ట్యాగు దారంతో కట్టి, అట్ట మీద పేరూ నంబరూ రాసి, రిజిస్టరులో ఎక్కించి, ఆ నంబరు ర్యాకులో పెట్టాలి. ఎవరైనా అడిగితే మళ్లీ తీయాలి. ఇదే పని. సోమవారం ఇదే, శనివారం ఇదే. కిటికీ ఒక్కటే ఉండేది, అదీ గోడ వైపు.

ఇదంతా అయిపోయాక మొదలయ్యేదే సేవ అనుకునేవాణ్ని. చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాక. నాన్న కాస్త కోలుకున్నాక. అప్పులు తీరాక. చేతులు ట్యాగులు కడుతుండేవి, మనసు మాత్రం ఎక్కడో పెద్ద సభలో ప్రసంగం చేస్తుండేది. నిజంగానే అలా చేసేవాణ్ని. ఫైలు మీద నంబరు రాస్తూ, లోపల మూడు పాయింట్ల ప్రసంగం తయారు చేసుకునేవాణ్ని. అది భక్తి అనుకున్నాను. పిలుపును మర్చిపోకుండా కాపాడుకుంటున్నాను అనుకున్నాను.

కానీ అసలు ఆరిపోతున్నది నాకు కనపడలేదు. ముందు పోయింది ఉదయం ప్రార్థన. మానేద్దామని ఏ రోజూ నిర్ణయించుకోలేదు. నాన్నను శుభ్రం చేసి, బట్టలు మార్చి, బస్సు అందుకునే హడావుడిలో ఒకరోజు తప్పింది, తర్వాత వారంలో రెండు రోజులు, తర్వాత ఆదివారం మాత్రమే మిగిలింది. పాపంలో పడిపోయిన సాక్ష్యాలు మనం చాలా వింటాం. నెమ్మదిగా మర్చిపోయిన సాక్ష్యాలు తక్కువ వింటాం. మర్చిపోయినవాడికి తాను మర్చిపోయాడని తెలియదు కదా, ఇంక సాక్ష్యం ఏం చెబుతాడు?

ఇంకోటి కూడా ఉంది. నాతోపాటు లేచి నిలబడ్డ స్నేహితుడు బైబిలు కాలేజీకి వెళ్లాడు, సేవకుడయ్యాడు, కూటాల కరపత్రాల మీద అతని ఫొటో రావడం మొదలైంది. ఆ కరపత్రం చేతికి వచ్చిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. దేవుడు ఇద్దర్నీ పిలిచి ఒక్కణ్నే తీసుకెళ్లాడు అనిపించేది. ఆ అసూయను ప్రార్థనలో కూడా పేరు పెట్టి ఒప్పుకోలేదు నేను, చాలా ఏళ్లు.

ఉద్యోగంలో చేరిన ఆరో ఏడు ఒక పెద్దామె వచ్చింది. ఆమె కొడుకు మా ఆస్పత్రిలోనే చనిపోయాడు. బీమా డబ్బుల కోసం కేస్ షీటు నకలు కావాలి. నంబరు రాసిన చీటీ తెచ్చింది. 4771. రిజిస్టరులో ఉంది. ర్యాకులో చూస్తే ఆ చోటు ఖాళీ. వెతికి చెబుతాను, వచ్చే వారం రామ్మా అన్నాను. వచ్చింది. దొరకలేదన్నాను. అలా నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి నేను కొంచెం విసుగ్గానే మాట్లాడాను. తర్వాత ఆమె రావడం మానేసింది.

రెండు నెలల తర్వాత వేరే ఫైలు కోసం 4700 ర్యాకు దులుపుతుంటే ఒకే నంబరుతో రెండు ఫైళ్లు కనిపించాయి. 4711, 4711. రెండోది విప్పి చూస్తే లోపల షీట్ల మీద 4771 అని స్పష్టంగా ఉంది. అట్ట మీద రాత నాది. ఏడు రాయాల్సిన చోట ఒకటి రాశాను. తేదీ చూశాను. ఆ రోజు నేను ఏం ఆలోచిస్తూ రాసి ఉంటానో నాకు బాగా తెలుసు. ప్రభువు కోసం చేయబోయే గొప్ప పని గురించే ఆలోచిస్తూ ఉంటాను.

పై అధికారి అనుమతి తీసుకుని, ఫైలులో ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. ఆమె వచ్చింది. నకలు చేతిలో పెట్టాను.

"ఇన్నాళ్లూ ఎక్కడుంది బాబూ?" అంది.

"ఇక్కడే ఉందమ్మా. నంబరు నేనే తప్పు రాశాను. క్షమించండి."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె బల్ల మీదున్న ఫైలు అట్టను వేలితో తడిమింది. కొడుకు పేరు మీద చెయ్యి ఆగింది. "వీడి పేరు మాత్రం బాగా రాశావు నాయనా" అని, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లలేదు. నేరుగా అమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమె చర్చి వెనక గదిలో కింద కూర్చుని చిరిగిన పాటల పుస్తకాలకు కాగితం అంటిస్తున్నారు. నేను చెప్పుకుపోయాను. పెద్దామె సంగతి, స్నేహితుడి సంగతి, అలమరలో మగ్గుతున్న దరఖాస్తు, ఆరేళ్ల కోపం అంతా. ఆమె అంటించడం ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక అడిగారు.

"నీ బైబిల్లో ఒక వాక్యం రాసిచ్చాను కదా, ఎవరితో చెప్పిన మాట అది?"

"అర్ఖిప్పుతో."

"ఆయనకు అప్పగించిన పరిచర్య ఏంటి?"

నాకు తెలియదు. ఇంటికెళ్లి చూసి చెబుతాను అన్నాను. ఆమె నవ్వి తల ఊపారు. "చూసినా దొరకదు నాయనా. రాయలేదు. ప్రసంగమో, పేదల్ని చూసుకోవడమో, ఎక్కడా రాయలేదు. అప్పగించింది ప్రభువు అని రాశారు, జాగ్రత్త పడమని రాశారు. అంతే. నువ్వేమో ఆరేళ్లుగా మొదటి సంగతి వెతుక్కుంటూ రెండోది వదిలేశావు."

ఇంకా ఒక మాట అన్నారు. పౌలు కొలొస్సయి సంఘానికి రాసిన ఆ పత్రికను, అంటే ఆ ఉత్తరాన్ని, మొదట చదివి వినిపించినప్పుడు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో చూసుకో అని.

ఆ రాత్రి నాన్న నిద్రపోయాక కొలొస్సయులకు రాసిన పత్రిక మొదటినుంచి చివరిదాకా చదివాను. నాలుగే అధ్యాయాలు. అర్ఖిప్పు పేరు మరో చోట ఒక్కసారి వస్తుంది, ఫిలేమోనుకు రాసిన పత్రికలో, "తోడి యోధుడైన అర్ఖిప్పు" అని. ఆ సంఘం కూడుకున్నది ఫిలేమోను ఇంట్లో. కొలొస్సయుల పత్రిక తెచ్చిన తుకికుతో పాటు వచ్చినవాడు ఒనేసిము. యజమానిని విడిచి వెళ్లిపోయి, పౌలు దగ్గర రక్షణ పొంది, మళ్లీ అదే ఇంటికి తిరిగొచ్చిన దాసుడు. పౌలు అతన్ని దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమంటాడు. కానీ తిరిగొచ్చింది మాత్రం ఆ పాత గుమ్మంలోకే.

"మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అన్న మాట ఎవరికి రాశారో అప్పటిదాకా నేను గమనించలేదు. దాన్ని గోడ క్యాలెండర్ల మీద చూశాను, కూటాల్లో విన్నాను. అది ముందుగా చెప్పింది దాసులకు. తమ పనిని తాము ఎంచుకునే వీలే లేనివాళ్లకు. అది చదువుతున్నప్పుడు వింటున్నవాళ్లలో ఒనేసిము ఉండి ఉంటాడు, అర్ఖిప్పూ ఉండి ఉంటాడు. నాకు ఆ రాత్రి ఆ గది కళ్ల ముందు కనపడింది. వెనక వరసలో నాకూ కాస్త చోటు ఉన్నట్టు అనిపించింది.

కేరీని కూడా మళ్లీ చదివాను. కుర్రతనంలో దాటేసిన పేజీలు ఈసారి చదివాను. వచ్చాక మొదటి ఐదారేళ్లలో ఎక్కువ భాగం ఆయన ఒక నీలిమందు కర్మాగారంలో మేనేజరు. కుటుంబం గడవడానికి ఆ పని చేశాడు. ఆ రోజుల్లోనే ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు, భార్య మానసికంగా దెబ్బతింది. ఆయన చేతిమీదుగా ఒక భారతీయుడికి మొదటి బాప్తిస్మం 1800 డిసెంబరులో. అంటే వచ్చిన ఏడేళ్లకు. ఆ కర్మాగారం రోజుల్లో ఒకవైపు ఆ పని, ఇంకోవైపు అనువాదం. 1812లో అచ్చుశాల తగలబడి ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదైపోయినప్పుడు ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టగలిగాడంటే, ఆ ఓపిక ఎక్కడ నేర్చుకున్నాడో నాకు ఇప్పుడు అర్థమవుతుంది. తనకున్న సామర్థ్యం ఒక్కటే, పట్టు వదలకుండా నడుస్తూ పోవడమని ఆయనే చెప్పుకున్నాడు. గోడ మీద పటం అంటించుకున్న కుర్రాడికి ఆ మాట వినపడలేదు.

మరుసటి రోజునుంచి ఏడు రాసేటప్పుడు దానికి మధ్యలో ఒక అడ్డగీత పెట్టడం మొదలుపెట్టాను. నా జీవితంలో వచ్చిన మార్పు గురించి ఎవరైనా అడిగితే నేను ముందు దాన్నే చూపిస్తాను.

ఆ తర్వాత ఇంకోటి అలవాటైంది. అట్ట మీద పేరు రాస్తూ ఆ పేరు కోసం ప్రార్థించడం. పెద్ద ప్రార్థన కాదు. "ప్రభువా, ఈ బిడ్డను చూడు." చనిపోయినవాళ్ల ఫైలైతే "వాళ్ల ఇంట్లో మిగిలినవాళ్లను ఓదార్చు." పేరు రాయడానికి పట్టేంత సేపే. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను" అని యెషయా 43లో దేవుడు అంటాడు. నా చేతుల్లోంచి రోజుకు ఎన్నో పేర్లు పోయేవి. ఆయనకు తెలిసిన పేర్లే అవన్నీ. పొద్దున తాళం తీసినప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం తాళం వేసేటప్పుడు ఒకసారి ఆగేవాణ్ని. 55వ కీర్తనలో సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం అని ఉంది కదా, అదే నాకు ఆధారం. తాళంచెవి చేతికి చల్లగా తగలగానే ప్రార్థన గుర్తొచ్చేది. మనసుకు గుర్తు చేయడానికి చేతికి ఒక పని ఉండటం చాలా మంచిది. మనసును మాత్రమే నమ్ముకున్న రోజుల్లో నేను ఎన్నడూ నిలబడలేదు.

ఇంట్లో ఇంకా కష్టం. నాన్న మొత్తం 11 ఏళ్లు మంచం మీద ఉన్నారు. తెల్లవారుజామున దుప్పటి మార్చాలి, ఒళ్లు తుడవాలి, పక్కకు తిప్పాలి. ఆయనకు సిగ్గు, నాకు విసుగు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. అమ్మగారు ఒకసారి నాకు బ్రదర్ లారెన్స్ అనే ఆయన గురించి చెప్పారు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో వంటగది పని చేసిన సహోదరుడు. యుద్ధంలో కాలు దెబ్బతిన్నవాడు. వంటపని ఆయనకు సహజంగా ఇష్టం లేదు, అయినా ఏళ్ల తరబడి చేశాడు, తర్వాత చెప్పులు బాగుచేశాడు. గిన్నెల చప్పుడు మధ్యలోనూ మోకాళ్ల మీద ఉన్నప్పటంత నెమ్మదిగా దేవునితో ఉండగలిగాడు. ఇష్టం లేదు అన్న మాట నాకు ఊరటనిచ్చింది. ఇష్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదన్నమాట.

ఒక తెల్లవారుజామున నాన్న వీపు తుడుస్తూ పాత పాట ఒకటి నెమ్మదిగా పాడాను. ఆయనకు మాట సరిగ్గా రాదు. అయినా రెండో చరణం దగ్గర ఆయన గొంతు కలిసింది. ముద్దగా, రాగం తప్పుతూ. ఆ తర్వాత ఆయన పోయేదాకా మా ఇద్దరికీ అదే కుటుంబ ప్రార్థన. పూర్తికాల సేవ అని 19 ఏళ్లప్పుడు నేను నిలబడి ఒప్పుకున్న మాటకు ఆ తెల్లవారుజాములు తక్కువవని నేను అనుకోను.

అన్నీ బాగానే సాగాయని చెప్పలేను. నెలల తరబడి ఖాళీగా గడిచిన కాలాలు ఉన్నాయి. ఆస్పత్రికి కంప్యూటర్లు వచ్చాక పేరు రాసే పని పోయింది. తెర మీద పేర్లు గబగబా దొర్లిపోయేవి, చెయ్యి ఆగేది కాదు, ప్రార్థన కూడా ఆగిపోయింది. ఏడాది దాకా అది పోయిందని గమనించనే లేదు. గమనించిన రోజు చాలా ఏడ్చాను. మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఎంటర్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగడం. అంతే, అక్కణ్నుంచి మళ్లీ మొదలు. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా, దాన్ని రేపటికి దాచుకుంటే పురుగు పట్టింది అని నిర్గమకాండంలో ఉంది. నిన్నటి ధ్యాస ఈరోజుకు పనికొచ్చిన సందర్భం నాకైతే ఒక్కటీ గుర్తులేదు.

ఆ స్నేహితుడు నా యాభయ్యో ఏట మా ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. "కూటం అయ్యాక గదిలోకి వెళ్తే నాకు ప్రార్థన రావట్లేదురా. ఉట్టి రోజులు నాకు చేతకావట్లేదు" అన్నాడు. అతన్ని చూసి ఎన్ని రాత్రులు కుళ్లుకున్నానో ఆ రోజు అతనికి చెప్పి క్షమాపణ అడిగాను. ఇద్దరం మోకాళ్లూనాం. ఆ ప్రార్థన కూటాల్లోలా లేదు. రెండు మూడు మాటలు, మిగతా అంతా మౌనం.

అమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లి చాలా ఏళ్లయింది. ఆమె అంటించిన పాటల పుస్తకాల్లో ఒకటి నా దగ్గరే ఉంది. అతుకులు ఇప్పటికీ ఊడలేదు, నేను అంటించిన బైబిలు అట్ట మాత్రం మూడుసార్లు ఊడింది. పేజీ చివర అంచు దాకా గమ్ రాసి, గుడ్డతో ఒత్తి, కాసేపు అలాగే పట్టుకోవాలని ఆమె అనేవారు. ఈసారి అలాగే చేశాను. పచ్చ సిరా రాత తడవకుండా పక్కన కాగితం పెట్టాను.

అది ఆరుతుండగా నా భార్య లోపలనుంచి పిలిచింది. ఆమెకు కంటిచూపు తగ్గింది. మందు డబ్బాల మీద వేళలు నేనే రాసిపెట్టాలి, పెద్ద అక్షరాలతో. కొత్త డబ్బాలు మూడు వచ్చాయి. బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో డబ్బా మీద ఆమె పేరు రాశాను. పేరు కింద ఉదయం 7 అని రాసి, ఏడుకి అడ్డగీత పెట్టాను.